జైలు నుంచి వచ్చినోడికి పూచీ ఎవరు పడతారు?

హాలీవుడ్ నటుడు రాబర్ట్ డౌనీ జూనియర్ కథ మన సోషల్ మీడియాలో కూడా బాగా తిరిగే కథే, ఐరన్ మ్యాన్ ఫోటో పెట్టి కింద "సంకల్పం ఉంటే ఏదైనా సాధ్యమే" అని రాసి షేర్ చేస్తుంటారు. డ్రగ్స్‌కి బానిసయ్యాడు, జైలుకెళ్ళాడు, మనసు గట్టి చేసుకున్నాడు, ఆస్కార్ కొట్టాడు, అయిపోయింది. ఇందులో అబద్ధం లేదు గానీ 2001 నుంచి 2008 దాకా ఒక ఏడేళ్ళు ఎగరగొట్టేస్తారు, అసలు సంగతంతా అక్కడే ఉంది. 2024 మార్చిలో ఓపెన్‌హైమర్ సినిమాకి ఆస్కార్ తీసుకుంటూ స్టేజి మీద అతను థ్యాంక్స్ చెప్పిన వాళ్ళలో ఒక లాయర్ ఉన్నాడు, టామ్ హాన్సెన్ అని. నలభై ఏళ్ళుగా ఈయన నా లాయర్, అందులో సగం కాలం నాకు ఇన్సూరెన్స్ ఇప్పించడానికి, నన్ను జైలు నుంచి బెయిల్ మీద బయటికి లాగడానికే సరిపోయింది అన్నాడు. హాలంతా నవ్వింది. జైలు, బెయిల్ అందరికీ తెలిసినవే, మధ్యలో ఈ ఇన్సూరెన్స్ గొడవేంటి అనేది మాత్రం చాలామంది పట్టించుకోలేదు.

దానికి ముందు జరిగింది కొంచెం చూడాలి. తండ్రి సినిమా డైరెక్టరు, చిన్నపిల్లాడిగా ఉన్నప్పుడే కొడుక్కి గంజాయి ఇచ్చింది కూడా ఆయనే, ఇది ఆ కుటుంబం దాచుకున్న విషయం కాదు. 1992లో చాప్లిన్‌గా వేసి ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్ళాడు. 1996 జూన్‌లో కారు స్పీడుగా పోతోందని పోలీసులు ఆపితే హెరాయిన్, కొకైన్, ఒక తుపాకి బయటపడ్డాయి. ఆ తర్వాత నెలలోనే మత్తులో పక్కింట్లో దూరి వాళ్ళ పిల్లల మంచం మీద పడి నిద్రపోయాడు. కోర్టు ప్రొబేషన్ (షరతుల మీద బయటే ఉండనివ్వడం) ఇచ్చి డ్రగ్ టెస్టులు చేయించుకోమంటే ఎగ్గొట్టాడు, కొన్ని నెలలు జైల్లో పెట్టారు, బయటికొచ్చి మళ్ళీ ఎగ్గొట్టాడు. 1999లో జడ్జి ముందు నిలబడి అతను చెప్పిన మాట ఎడిక్షన్ గురించి పెద్ద పెద్ద పుస్తకాల కంటే బాగా చెప్తుంది: నోట్లో తుపాకి పెట్టుకుని ట్రిగ్గర్ మీద వేలేసి ఉన్నాను, ఆ ఇనుము రుచి నాకు నచ్చుతోంది అని. మూడేళ్ళ శిక్ష వేసి కాలిఫోర్నియాలో కోర్కరన్ జైలుకి పంపారు, అక్కడ వంటగదిలో గంటకి 8 సెంట్ల కూలికి పని చేశాడు.

2000 ఆగస్టులో విడుదల. వారం తిరక్కుండానే యాలీ మెక్‌బీల్ అనే టీవీ సీరియల్‌లో వేషం దొరికింది, జనానికి తెగ నచ్చింది, 2001 జనవరిలో గోల్డెన్ గ్లోబ్ కూడా వచ్చింది. మన సినిమా అయితే ఇక్కడ శుభం కార్డు వేసేస్తారు. కానీ ఆ అవార్డుకి రెండు నెలల ముందే, 2000 నవంబర్‌లో, పామ్ స్ప్రింగ్స్‌లో ఒక హోటల్ గదిలో డ్రగ్స్‌తో మళ్ళీ దొరికాడు, 2001 ఏప్రిల్‌లో ఇంకోసారి అరెస్టయ్యాడు, ఇక సీరియల్ వాళ్ళు తీసేశారు. పని ఉంది, డబ్బుంది, పేరుంది, అయినా నిలబడలేదు. "ఏదో ఒక పనిలో పెట్టేస్తే వాడే దారిలో పడతాడు" అనేది మన ఇళ్ళల్లో కూడా పెద్దవాళ్ళ మొదటి సలహా (రెండోది పెళ్ళి చేసెయ్యమని), ఆ సలహా ఎక్కడ ఫెయిలవుతుందో చూడాలంటే ఈ ఎనిమిది నెలలు చాలు. పని కావాలి, కాకపోతే ట్రీట్‌మెంట్ సగంలో ఉండగా చేతికొచ్చిన జీతం తిరిగి ఎక్కడికి పోతుందో అది పడ్డవాళ్ళకి తెలుసు.

అతని అదృష్టం ఏంటంటే సరిగ్గా అప్పుడే చట్టం మారింది. 2000 నవంబర్‌లో కాలిఫోర్నియా జనం ప్రొపొజిషన్ 36 అనే దానికి ఓటేశారు, సొంతానికి వాడుకోడానికి డ్రగ్స్ దగ్గర పెట్టుకుని దొరికినవాళ్ళని, హింస లేని కేసైతే, జైలుకి కాకుండా ట్రీట్‌మెంట్‌కి పంపాలని. 2001 జులైలో డౌనీకి అదే వర్తించింది, మూడేళ్ళ ప్రొబేషన్, రిహాబ్ సెంటర్లో ఉండి చికిత్స. అప్పుడు కూడా ఒక్కరోజులో బాగుపడిపోలేదు, అతను పూర్తిగా మానేసింది 2003 జులై నుంచి అని చెప్తారు.

ఇక ఇన్సూరెన్స్ సంగతి. హాలీవుడ్‌లో సినిమా మొదలవ్వాలంటే ముఖ్యమైన నటులకి ఇన్సూరెన్స్ ఉండాలి, మధ్యలో హీరో మాయమైపోతే అప్పటిదాకా ఖర్చుపెట్టిన కోట్లు ఎవరు కడతారు అని అప్పిచ్చినవాడు అడుగుతాడు కదా, దానికి జవాబు ఆ కాగితం. డౌనీ పేరు రాస్తే ఇన్సూరెన్స్ కంపెనీలు మేం చెయ్యం అనేవి. అంటే డైరెక్టర్‌కి ఇష్టమైనా, నిర్మాతకి నమ్మకం ఉన్నా, ప్రేక్షకులు క్షమించేసినా కూడా షూటింగ్ మొదలవ్వదు. వుడీ అలెన్ తన సినిమాకి ఇతన్ని అనుకుని ఇదే కారణంతో వదిలేసుకున్నాడు. ఈ తలుపు తెరిచింది మెల్ గిబ్సన్, 1990లో ఇద్దరూ కలిసి నటించారు, ఆ స్నేహం. గిబ్సన్ తన కంపెనీ తీసిన ది సింగింగ్ డిటెక్టివ్‌లో ఇతన్ని పెట్టి ఇన్సూరెన్స్ బాండు సొమ్ము తనే కట్టాడు. ఆ సినిమా పెద్దగా ఆడలేదు, కానీ షూటింగ్ మొత్తం డౌనీ టైముకి వచ్చి పని పూర్తిచేశాడు అనే రికార్డు మిగిలింది, అసలు కావాల్సింది కూడా అదే. తర్వాత గోథికా అనే సినిమాకి నిర్మాత జోయెల్ సిల్వర్ ఇంకో పద్ధతి పెట్టాడు, జీతంలో 40 శాతం ఆపేసి షూటింగ్ ఏ గొడవా లేకుండా అయిపోయాకే ఇస్తానన్నాడు. ఆ సెట్లోనే పరిచయమైన నిర్మాత సుసాన్ లెవిన్‌ని 2005లో పెళ్ళి చేసుకున్నాడు. ఐరన్ మ్యాన్ టైముకి కూడా మార్వెల్ వాళ్ళు ముందు వద్దనే అన్నారు, డైరెక్టర్ జాన్ ఫావ్రో పట్టుబట్టి స్క్రీన్ టెస్ట్ చేయించాడు.

వరసగా పెట్టి చూస్తే లెక్క తెలుస్తుంది. మొదటిసారి నష్టం వస్తే భరించేది స్నేహితుడు, రెండోసారి డౌనీ సొంత జీతం, మూడోసారికి చూపించుకోడానికి వెనకాల నాలుగైదేళ్ళ రికార్డు ఉంది. ఎవరో ఒకరు రిస్కు తమ మీద వేసుకున్నారు, అది కూడా గుడ్డిగా కాదు, చిన్న చిన్న ముక్కలుగా, షరతులతో. సంకల్ప బలం అనేది ఉంటే ఉండొచ్చు, అది లేకుండా ఇదంతా జరగదు కూడా, కానీ 1999లో కోర్కరన్‌లో అతనితో పాటు గిన్నెలు తోమినవాళ్ళలో కూడా ఆ సంకల్పం ఉన్నవాళ్ళు ఉండే ఉంటారు. వాళ్ళకి బాండు కట్టే గిబ్సన్ లేడు. 2015 డిసెంబర్ 24న గవర్నర్ జెర్రీ బ్రౌన్ డౌనీకి అధికారికంగా క్షమాభిక్ష ఇచ్చాడు, అప్పటికే ఐరన్ మ్యాన్ వచ్చి ఏడేళ్ళు, ప్రపంచంలో ఎక్కువ సంపాదించే నటుల్లో ఒకడు. క్షమించడం చివర్లో వచ్చింది, పూచీ పడటం ముందు జరిగింది.

స్టార్ కాబట్టి కుదిరింది అనే మాట వస్తుంది, అది కొంతవరకు నిజమే. అందుకే డానీ ట్రెహో అనే ఇంకో హాలీవుడ్ నటుడి కేసు పక్కన పెట్టి చూడాలి. సాన్ క్వెంటిన్, సోలెడాడ్ లాంటి జైళ్ళలో తిరిగిన మనిషి, 1968లో జైల్లో ఉండగానే మత్తు మానేశాడు, 1969లో బయటికొచ్చాడు, వెనకాల ఏ పేరూ లేదు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి డ్రగ్స్ మానే వాళ్ళకి కౌన్సిలర్‌గా పనిచేశాడు. 1985లో తను కౌన్సిలింగ్ చేసే కుర్రాడొకడు సినిమా సెట్లో పనిచేస్తూ ఇబ్బంది పడుతుంటే తోడుగా వెళ్ళాడు, అక్కడ స్క్రిప్ట్ రైటర్ ఎడ్వర్డ్ బంకర్ గుర్తుపట్టాడు, బంకర్ కూడా సాన్ క్వెంటిన్‌లో పాత ఖైదీయే, జైల్లో ట్రెహో బాక్సింగ్ చూసినవాడు. హీరోకి బాక్సింగ్ నేర్పమని రోజుకి 320 డాలర్లకి పని ఇప్పించాడు. ఇక్కడ కూడా పూచీయే, కాకపోతే డబ్బుతో కాదు, "వీడు నాకు తెలుసు" అనే మాటతో. ఇంకోటి, అంతకుముందు ఏళ్ళ తరబడి అతను చేసిన ఉద్యోగం ఎలాంటిదంటే అందులో జైలు రికార్డు దాచుకోవాల్సిన మచ్చ కాదు, అర్హత. మన దగ్గర కూడా డీఎడిక్షన్ సెంటర్లలో తాగుడు మానేసి అక్కడే కౌన్సిలర్లుగా ఉండిపోయినవాళ్ళు కనిపిస్తారు, కొత్తగా వచ్చినవాడు డాక్టర్ మాట వినకపోయినా వాళ్ళ మాట వింటాడు.

ఇప్పుడు మన వైపు చూద్దాం. విశాఖ మన్యం నుంచి రెండు మూడు కేజీల గంజాయి బ్యాగులో వేసుకుని బస్సెక్కి హైదరాబాద్‌లోనో విజయవాడలోనో దొరికే కుర్రాళ్ళ వార్తలు రోజూ ఉంటాయి. చాలా కేసుల్లో వాడు తాగేవాడే, తన ఖర్చు కోసం నలుగురికి అమ్ముతాడు, చట్టం మాత్రం బరువు చూస్తుంది. ఎన్‌డీపీఎస్ అనే మాదకద్రవ్యాల చట్టం ప్రకారం గంజాయి కేజీ వరకు స్మాల్ క్వాంటిటీ, 20 కేజీలు దాటితే కమర్షియల్, పదేళ్ళకి తగ్గకుండా శిక్ష, బెయిల్ రావడం కూడా చాలా కష్టం. మధ్యలో ఉన్నోడికి పదేళ్ళ వరకు పడొచ్చు. శిక్ష పడకుండానే జైల్లో గడిపేది ఇంకో ఎత్తు, జాతీయ నేర గణాంకాల సంస్థ 2022 లెక్క చూస్తే దేశం మొత్తం మీద జైళ్ళలో ఉన్నవాళ్ళలో 75 శాతానికి పైగా విచారణ ఖైదీలే.

విచిత్రం ఏంటంటే కాలిఫోర్నియా 2000లో తెచ్చుకున్న లాంటి తలుపు మన చట్టంలో కూడా ఉంది. సెక్షన్ 64ఏ, వాడినందుకో స్మాల్ క్వాంటిటీతోనో కేసు పడ్డ బానిస తనంతట తాను ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోట ట్రీట్‌మెంట్‌కి వెళ్ళి పూర్తి చేస్తే ఆ కేసులో ప్రాసిక్యూషన్ ఉండదు, మధ్యలో మానేస్తే మాత్రం ఆ రక్షణ పోవచ్చు. సెక్షన్ 39 ఇంకా ఆసక్తిగా ఉంటుంది, ఇలాంటి కేసులోనే నేరం రుజువైనా సరే కోర్టు శిక్ష వెయ్యకుండా బాండు రాయించుకుని ట్రీట్‌మెంట్‌కి పంపొచ్చు, ఏడాదిలోపు రిపోర్టు తెమ్మనొచ్చు, అది బాగుంటే మందలించి ఇంకో బాండు మీద వదలొచ్చు. పైగా కేసు వాడకానికి సంబంధించిందే అయ్యి 1958 ప్రొబేషన్ చట్టం కింద వదిలితే, ఆ చట్టంలోని సెక్షన్ 12 వల్ల నేరం రుజువైందన్న కారణంగా వచ్చే అనర్హతలు కూడా అంటుకోవు. ఉద్యోగం కోసం చూసే కుర్రాడికి ఇంతకంటే విలువైన లైను ఏ చట్టంలోనూ ఉండదు. కానీ కొడుకు స్టేషన్లో ఉన్నాడని ఫోన్ వచ్చిన రాత్రి తల్లిదండ్రులు వెతికేది తెలిసిన ఎస్సైని, తెలిసిన లీడర్ని, 64ఏ అనే మాట ఆ ఇంట్లో ఎవరూ విని ఉండరు. మొదటి వారంలో ఇది చెప్పే లాయర్ దొరకడం మీదే సగం భవిష్యత్తు ఆధారపడి ఉంటుంది.

బయటికొచ్చిన మొదటి రోజులు చాలా ప్రమాదం, ఇది మాటవరసకి అంటున్నది కాదు. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రం ఖైదీల మీద 2007లో అచ్చయిన ఒక ప్రసిద్ధ అధ్యయనం ఉంది, విడుదలైన మొదటి రెండు వారాల్లో డ్రగ్ ఓవర్‌డోస్‌తో చనిపోయే అవకాశం మామూలు జనంతో పోలిస్తే 129 రెట్లు అని తేలింది. కారణం సింపుల్, జైల్లో నెలల తరబడి మానేసేసరికి ఒంటికి తట్టుకునే శక్తి పోతుంది, బయటికొచ్చి పాత మోతాదే తీసుకుంటాడు. ఇది హెరాయిన్ లాంటి మత్తులకి వర్తించేది. గంజాయి సంగతి వేరు, అక్కడ ఒక్క దెబ్బకి ప్రాణం పోదు, విడుదల రోజు జైలు గేటు దగ్గరికి బండేసుకుని వచ్చేది పాత బ్యాచే అయితే ఆ సాయంత్రమే మళ్ళీ మొదలవుతుంది. ఊరు మార్చడం, సిమ్ మార్చడం, కొన్నాళ్ళు ఏటీఎం కార్డు అమ్మ దగ్గర పెట్టడం, ఇలాంటి చిల్లర ఏర్పాట్లే ఆ మొదటి నెలలో పెద్ద మాటల కంటే ఎక్కువ పనిచేస్తాయి. ఇంట్లో వాళ్ళు ఇది అవమానంగా కాకుండా మందుల కోర్సులాగా మాట్లాడగలిగితే ఇంకా మేలు.

తర్వాత ఉద్యోగం. చిన్న షాపుల్లో, మెకానిక్ షెడ్డుల్లో, తెలిసినవాళ్ళ మాట మీద పని దొరుకుతుంది, జీతం తక్కువ ఇస్తారు, "నిన్ను పెట్టుకోవడమే ఎక్కువ" అనేది కూడా జీతంలోనే కలిపేస్తారు. చదువుకున్నోడికి గోడ వేరే చోట తగులుతుంది. ఐటీ కంపెనీ ఆఫర్ ఇచ్చాక బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ ఏజెన్సీ పేరు, తండ్రి పేరు, అడ్రస్ పట్టుకుని కోర్టు రికార్డులు వెతుకుతుంది, అక్కడ కేసు నంబర్ కనపడుతుంది, కేసు కొట్టేశారా లేదా అనేది చదివే ఓపిక అందరికీ ఉండదు. రెజ్యూమెలో రెండేళ్ళ గ్యాప్ గురించి అడిగితే సివిల్స్‌కి ప్రిపేరయ్యానని చెప్పినోళ్ళు ఉంటారు, ఆ అబద్ధం ఒకసారి దొరికితే కేసు కంటే అదే పెద్ద కారణం అవుతుంది. ప్రభుత్వ ఉద్యోగాల విషయంలో 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ చిక్కుముడి కొంత విప్పింది. అడిగినప్పుడు కేసుల వివరాలు నిజం చెప్పాలి, దాచితే తీసెయ్యొచ్చు, అయితే కుర్రతనంలో జరిగిన చిన్న నేరమైతే దాచినా కూడా యాజమాన్యం క్షమించే వీలుంది, నిజం చెప్పినోడిని కూడా తీసుకుని తీరాలనేమీ లేదు, నేరం ఎలాంటిదో చూసుకోవచ్చు. చెప్పడమే మంచిదని దీన్ని బట్టి అర్థమవుతుంది, చెప్తే ఉద్యోగం గ్యారంటీ అని మాత్రం కాదు. కరీంనగర్, నిజామాబాద్, కడప వైపు నుంచి గల్ఫ్‌కి వెళ్దామంటే పోలీస్ క్లియరెన్స్ అడుగుతారు. అమెరికా వీసాకైతే డ్రగ్స్ కేసులో శిక్ష పడినవాడికి, ప్రత్యేక మినహాయింపు వస్తే తప్ప, దారి మూసుకుపోయినట్టే, మన మధ్యతరగతి ఇళ్ళల్లో కెరీర్ అంటే ఏంటో తెలుసు కాబట్టి ఈ దెబ్బ ఎక్కడ తగులుతుందో వేరే చెప్పక్కర్లేదు.

ఇంత జరిగినా మన దగ్గర పూచీ పడే వ్యవస్థ ఒకటి కళ్ళముందే ఉంది, ఎవరూ అలా చూడరంతే. చంచల్‌గూడలో జైళ్ళ శాఖ నడిపే పెట్రోల్ బంకులో పెట్రోల్ కొట్టించుకున్నవాళ్ళు హైదరాబాద్‌లో చాలామందే ఉంటారు, మహిళా ఖైదీలతో నడిపే బంకు కూడా పెట్టారు, రాజమండ్రి సెంట్రల్ జైలుకీ బంకు ఉంది. తెలంగాణ జైళ్ళలో తయారైన సబ్బులు, ఫినాయిల్ లాంటివి మై నేషన్ పేరుతో అమ్ముతారు. బంకులో పని ఎలా ఉంటుందో ఒకసారి గమనిస్తే చాలు, జీరో చూసుకోమని చెప్పడం, లీటర్లు కొట్టడం, చేతిలో నోట్ల కట్ట, షిఫ్ట్ దిగేటప్పుడు మీటర్ రీడింగుకీ క్యాష్‌కీ లెక్క సరిపెట్టడం. మనిషి చేతిలో రోజూ వేల రూపాయలు పెట్టి రోజూ లెక్క చూస్తారు. గోథికా నిర్మాత 40 శాతం ఆపడం వెనకున్న ఆలోచనా ఇదే, నమ్మకం అడక్కుండా నమ్మకం కట్టుకునే అవకాశం ఇవ్వడం. నష్టం వస్తే భరించేది జైళ్ళ శాఖ, అందుకే ఇది సాధ్యమైంది. విడుదలైన కొందరికి కూడా ఈ బంకుల్లో పని ఇచ్చారు, మంచిదే, కానీ బంకులు ఎన్నని పెడతారు, పైగా జైలు గోడ పక్కనే జీవితాంతం పనిచెయ్యమంటే ఎంతమంది ఒప్పుకుంటారు.

అమెరికా ప్రభుత్వం ఈ ముక్కని బయటి యజమానుల దాకా తీసుకెళ్ళింది, 1966 నుంచి ఫెడరల్ బాండింగ్ ప్రోగ్రాం అని ఒకటి నడుస్తోంది. జైలు నుంచి వచ్చినవాడిని, డ్రగ్స్ మానేసినవాడిని పనిలో పెట్టుకునే యజమానికి మొదటి ఆరు నెలలకి సాధారణంగా 5,000 డాలర్ల బాండు ఉచితంగా ఇస్తారు, వాడు దొంగతనమో మోసమో చేస్తే ఆ మేరకు నష్టం భర్తీ అవుతుంది. గిబ్సన్ డౌనీకి చేసింది ఇక్కడ లారీ డ్రైవర్‌కి, గోడౌన్ కుర్రాడికి ప్రభుత్వం చేస్తోంది. జైలు నుంచి వచ్చినవాళ్ళని తీసుకోండి అని యజమానులకి క్లాసులు పీకడం కంటే ఇది చాలా సూటిగా ఉంది, భయం డబ్బు గురించే కాబట్టి జవాబు కూడా డబ్బులోనే ఇచ్చారు.

మన దగ్గర దీనికి కొత్తగా కనిపెట్టాల్సింది పెద్దగా ఏమీ లేదు. ఉద్యోగి మోసం చేస్తే యజమానికి నష్టం కట్టే ఫిడిలిటీ గ్యారంటీ పాలసీలు మన ప్రభుత్వ ఇన్సూరెన్స్ కంపెనీలు ఎప్పటినుంచో అమ్ముతున్నాయి. రెండు రాష్ట్రాల్లో ఈగల్ పేరుతో మాదకద్రవ్యాల మీద ప్రత్యేక విభాగాలు పెట్టారు, పట్టుకోడానికి సిబ్బంది, బండ్లు, టోల్‌ఫ్రీ నంబర్లు అన్నీ ఉన్నాయి. ట్రీట్‌మెంట్ పూర్తిచేసి రిపోర్టు తెచ్చిన కుర్రాడికి మొదటి ఆరు నెలల ప్రీమియం ప్రభుత్వమే కట్టి, ఆ కాగితం వాడి చేతికిచ్చి షాపుకో కంపెనీకో పంపితే అయ్యే ఖర్చు వాడిని ఇంకో రెండేళ్ళు జైల్లో పెట్టి పోషించే ఖర్చు ముందు ఏ మూలకీ రాదు. ప్రస్తుతానికైతే ఆ కాగితం స్థానంలో వాళ్ళ నాన్న వెళ్ళి షాపు ఓనర్ ముందు నిలబడుతున్నాడు, ఏదైనా జరిగితే నాదీ పూచీ అని.